బడిగంట మ్రోగిన తరువాత

తీరిక అన్నది తెలుగువారు ఎంతో ఆలోచించి చేసికొన్న మాటవలె కనిపిస్తుంది. 'తీరు' అన్న క్రియకు పుట్టిన బిడ్డ అది. దాహం తీరుతుంది, అప్పు తీరుతుంది, మొక్కు తీరుతుంది. పని తీరినప్పుడు మిగిలేది తీరిక. అనగా ముందు పని ఉండవలె, అది ముగియవలె, అప్పుడు గాని తీరికకు అర్థం లేదు. పనిలేనివానికి ఉన్నది తీరిక కాదు. దానికి మన పెద్దలు వేరే మాటలు వాడినారు, అవి అంత మర్యాదైనవి కావు. ఉద్యోగం అన్న మాట కథ ఇంకొక విధమైనది. సంస్కృతంలో దానికి ప్రయత్నమనీ, పూనిక అనీ అర్థం. భారతంలోని ఉద్యోగపర్వమంతా చదివినా ఎక్కడా నెలజీతం ప్రసక్తి రాదు. ఆ మాట తెలుగునాట కచేరీ మెట్లెక్కి, జీతం పుచ్చుకొని, పింఛను మీద ఆశ పెట్టుకొన్నది. ఇక వ్యాసంగం అన్న మూడవ మాటకు జీతమూ లేదు, సెలవూ లేదు. మనసు ఒకదానికి గట్టిగా తగులుకొనడమే వ్యాసంగం.

ఇరవై యేండ్లనుండి యాభై యేండ్లవరకు మనిషి బ్రతుకు ఈ మూడు మాటల నడుమ నలుగుతుంది. ఉద్యోగం దొరకవలె, దొరికినది నిలవవలె, నిలిచినది పెరగవలె. నడుమ పెండ్లి, బిడ్డలు, తల్లిదండ్రుల వైద్యం, ఇంటి అప్పు. వీటన్నిటినడుమ సాయంకాలం రెండు గంటలు మిగిలితే ఆ రెండు గంటలు ఎవరివి? అలసటవా, కుటుంబానివా, పై పరీక్షవా, లేక ఎవరికీ అక్కరలేని ఒక వ్యాసంగానివా? ఈ ప్రశ్న ప్రతి బడిపంతులుకూ సాయంకాలపు గంట మ్రోగగానే ఎదురౌతుంది. నూటనలభై యేండ్ల క్రిందట పర్లాకిమిడిలో ఒక బడిపంతులుకు ఎదురైనప్పుడు ఆయన ఏమి చేసినాడో చూడడం నిష్ప్రయోజనం కాదు.

ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆనాడు అనేక పాఠశాలలలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పటానికి పూలదండ వేస్తారు. ఆ పటంలో కనిపించేది పెద్దవయసు ముఖం. పిల్లలు ఆయనను పుట్టుకతోనే వృద్ధుడనుకొన్నా ఆశ్చర్యం లేదు. కాని ఆయన జీవితంలో మనకు నిజంగా పాఠ్యమైన భాగం ఆ పటానికి ఎంతో వెనుక ఉన్నది. 1863లో శ్రీకూర్మం సమీపాన ఉన్న పర్వతాలపేటలో జన్మించిన ఆ బాలునికి పండ్రెండేండ్ల వయసులో తండ్రి పోయినాడు. మేనమామగారి ఇంట ఉండి విశాఖపట్నంలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషను ముగించినాడు. గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1880లో, పదిహేడేండ్లయినా నిండీ నిండని వయసులో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే కొలువు దొరికినది. జీతం నెలకు ముప్పయి రూపాయలు. ఆపాటికే పెండ్లి అయినది.

నేటి యువకుడు ఇరవైరెండేండ్ల వయసులో పట్టం పుచ్చుకొని, ఇంకొక నాలుగేండ్లు పోటీపరీక్షలతో కుస్తీ పట్టి చేరుకొనే మజిలీకి ఆయన పదిహేడేండ్లకే చేరినాడు. ఇది అదృష్టమని కొందరంటారు. చదువు ఆగిపోయినదని మరికొందరు జాలిపడవచ్చు. తండ్రి లేని ఇంటిలో ఆ రెండు భావాలకూ చోటు లేదు. ముప్పయి రూపాయలకే చోటు.

మొదటి పది పదునైదేండ్ల తీరికను ఆయన ఎట్లు వాడుకొన్నాడన్నది తెలిసిన సంగతే. అది అందరు ఉద్యోగులూ చేసే పనే. పగలు బడిలో పాఠం చెప్పి, రాత్రి తాను విద్యార్థి అయి, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్ష ఇచ్చినాడు. ఆ తరువాత ముప్పయ్యేండ్లు దాటిన వయసులో బి.ఏ. కూడా పూర్తి చేసినాడు, చరిత్ర ముఖ్యపాఠ్యం. బడి కళాశాలగా పెరిగినప్పుడు పై తరగతులకు పాఠం చెప్పే అర్హత ఈ విధంగా వచ్చినది. ఈ భాగాన్ని చిన్నచూపు చూడడం తగదు. జీవితచరిత్రలు వ్రాసేవారు మహనీయుల పదోన్నతి సంగతి చెప్పడానికి ఎందుకో మొగమాటపడతారు. ఇంటిలో బియ్యం నిండుకొంటే వ్యాసంగం నిలవదు. జీతానికి పనికివచ్చే చదువు చదివినందుకే ఆయనకు జీతానికి పనికిరాని చదువు చదివే వీలు కలిగినది.

ఆ పనికిరాని చదువు ఎట్లు మొదలైనదో చూడండి. పర్లాకిమిడికి దూరం కాని చోట, వంశధార ఒడ్డున ముఖలింగ క్షేత్రం ఉన్నది. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు అక్కడ ఉన్నవి. తూర్పు గాంగరాజుల కాలపు శాసనాలు ఆ రాళ్లమీద పరచుకొని ఉన్నవి. చరిత్ర చెప్పే పంతులుకు, పుస్తకంలో లేని చరిత్ర తన ఊరి పొలిమేరలోనే రాతిమీద ఉండడం నిద్రపట్టనీయలేదు. శాసనలిపి నేర్పే గురువు ఎవరూ లేకుండానే స్వయంగా నేర్చుకొన్నాడు. గాంగుల రాజధాని అయిన కళింగనగరం ఈ ముఖలింగమే అని వాదించి వ్యాసాలు వ్రాసినాడు. శకవర్షం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటంలో ప్రకటించినాడు. ఆ సంపుటాలలో వ్రాసినవారిలో జర్మనీ పండితులు ఉన్నారు, సర్కారు పురాతత్త్వశాఖవారు ఉన్నారు. వారి నడుమ ఒక జమీందారీ బడిపంతులు. ఆయనకు ఇందుకు పూటసెలవు ఎవరైనా ఇచ్చినారా అన్నది వేరు సంగతి. శాసనం చదివినందుకు జీతంలో ఒక అణా పెరిగి ఉండదని మాత్రం అనుకొనవచ్చు.

అయితే ఇది ఇంకా చరిత్ర పంతులు చరిత్ర చదవడమే. వృత్తికీ వ్యాసంగానికీ నడుమ ఇక్కడ గోడ లేదు, దడి మాత్రమే ఉన్నది. ఆ దడి కూడా దాటినది సవరల విషయంలో.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు చుట్టం కాదు, ఒరియాకు చుట్టం కాదు; ముండా కుటుంబానికి చెందినది. పలికే ధ్వని గొంతులో చటుక్కున ఆగిపోయే తీరు మన చెవికి కొత్త. సంతకు దిగివచ్చిన సవరకు దిగువభాష రాదు, సంతలోని షావుకారుకు సవర రాదు. నడుమ దుబాసీ ఎంత చెబితే అంతే లెక్క. కచేరీలోనూ అంతే. ఆ కొండలను రోజూ చూస్తూ వేలమంది బ్రతికినారు. వారిలో ఒక పంతులుకు మాత్రం, వీరి పిల్లలకు వీరి మాటలోనే చదువు చెబితే ఏమి అన్న ఆలోచన పుట్టినది. అందుకు ముందు తనకు ఆ మాట రావలె. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకనిని తెచ్చి తన ఇంటిలోనే ఉంచుకొని నేర్చుకొన్నాడు. నాటి ఆచారాలు, మడులు, ఇరుగుపొరుగు నోళ్లు ఎటువంటివో తెలిసినవారికి ఈ ఒక్క వాక్యం వెనుక ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు ఆ కొండమనిషికి ఎన్ని యేండ్లు అన్నం వడ్డించవలసి వచ్చినదో ఏ వ్యాకరణపు పీఠికలోనూ కనిపించదు.

ఆ తరువాత ఆయన చేసిన పనులు వరుసగా చెప్పుకొంటే తేలికగానే ఉంటవి. సవరభాషలో చిన్న పుస్తకాలు వ్రాసినాడు. సవరల పిల్లలకు బడులు పెట్టించి, పంతుళ్లకు జీతాలు సొంతడబ్బుతో ఇచ్చినాడు. భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని, లిపి లేని భాషను ఎట్లు వ్రాయవలెనో, వ్యాకరణం ఎట్లు కట్టవలెనో తనకు తానే నేర్చుకొన్నాడు. 1913లో సర్కారు రావుసాహెబు బిరుదు ఇచ్చినది. కాని దీనికి ఆయన పెట్టిన మదుపు లెక్కవేస్తే తేలిక అన్న మాట నోట రాదు. కొండలలో తిరిగితే మన్యపు చలిజ్వరం పట్టక మానదు. దానికి నాడు ఉన్న మందు క్వినైను. పల్లెలవారి నోట అది కొయినా అయినది. జ్వరం మాటిమాటికీ వచ్చినది, కొయినా మాటిమాటికీ మ్రింగవలసి వచ్చినది, చివరకు వినికిడి దెబ్బతిన్నది. ఇతర వ్యాసంగాలకు కన్ను పోయినా, నడుము వంగినా అర్థం చేసికొనవచ్చు. చెవితో నేర్వవలసిన భాషకోసం వెళ్లినవాడు చెవినే అక్కడ అప్పగించి రావడం ఎవరు వ్రాసిన కథయినా నమ్మము, ఇది జరిగినది.

తీరికవేళ చేసిన పని జీతానికి చేసిన పనిని ఎట్లు మార్చినదో చెప్పుకొనవలసిన ఘట్టం ఇక్కడ వస్తుంది. 1907లో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చినాడు. పిల్లలు ఇంటిలో మాట్లాడే తెలుగుకూ బడిలో వల్లించే తెలుగుకూ ఇంత దూరమెందుకని ఆయనకు సందేహం కలిగినది. ఆ సందేహం విశాఖపట్నంలో కళాశాల అధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిద్వారా గురజాడవారికి, గిడుగువారికి చేరినది. వాడుకభాషా ఉద్యమం అక్కడ నుండి నడిచిన తీరు పాఠ్యపుస్తకాలలో ఉన్నది కనుక ఇక్కడ మరల చెప్పడం అనవసరం. గమనించవలసినది ఒక్కటే. ఆ ప్రశ్న ఎంతోమంది తెలుగు పండితులను తాకి, వారిలో చాలమందికి కోపం మాత్రమే తెప్పించినది. గిడుగువారికి అది కొత్త ప్రశ్న కాదు. బిడ్డకు బిడ్డ మాటలోనే చదువు చెప్పవలెనని ఆయన అప్పటికే కొండలమీద పలుమార్లు పరీక్షించి చూచిన మనిషి. సవరకు న్యాయమైనది తెలుగుకు అన్యాయం ఎట్లవుతుంది? పైగా, లిపి లేని భాషను చెవితో విని వ్యాకరణం కట్టినవానికి, మాట ముందు పుట్టి వ్రాత తరువాత పుట్టినదని ఎవరూ రుజువు చూపవలసిన పని లేదు. తెలుగు సంగతి ఆయనకు తెలుగు నేర్పినంతగా సవర కూడా నేర్పినదని అనడం అతిశయోక్తి కాదు.

1911లో, ముప్పయి యేండ్ల కొలువు ముగియగానే, నలభై యెనిమిదవ యేట ఆయన పాఠశాలనుండి విరమించినారు. ఇంకొకరికి అది వాలుకుర్చీ కొనే వయసు. ఆయనకు 'తెలుగు' పత్రిక, ఊరూరా సభలు, వాదప్రతివాదాలు అన్నీ ఆ తరువాతివే. సవర వ్యాకరణం మద్రాసు సర్కారు ముద్రణాలయంలో అచ్చయి వెలువడిన 1931 నాటికి ఆయనకు అరవై యెనిమిదేండ్లు. ముప్పయి రూపాయల పంతులు సాయంకాలాలలో విత్తినది మూడు దశాబ్దాలకు పైబడి పండినది.

ఈ కథను ఇంతటితో ముగిస్తే అది ఉపన్యాసాలకు చాల అనువుగా ఉంటుంది. తీరికను సద్వినియోగం చేయండి, మీరూ గిడుగువారంతటి వారు కండి అని చెప్పి చప్పట్లు కొట్టించుకొనవచ్చు. అదే భయం. సాయంకాలాన్ని వ్యాసంగానికి ఇవ్వడం ఒక మనిషి తనకు తాను చేసికొన్న నిర్ణయం. దానినే ఆదర్శంగా చూపి పైవారు క్రిందివారి సాయంకాలాలను పుచ్చుకొంటే అది వెట్టి. ఈ రెంటికీ పైకి తేడా కనపడదు. లోపల భూమ్యాకాశాల తేడా ఉన్నది.

తీరికకు మూల్యం ఎవరో ఒకరు చెల్లించవలసినదే అనడానికి ఇంకొక సాక్ష్యం బ్రౌను దొర. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, తెలుగు నేర్చుకొని, 1820లో ఇరవైయొక్క యేండ్ల వయసున కడపలో కొలువుకు కుదిరినాడు. ఆయన వచ్చినది శిస్తులు, తగవులు చూడడానికి. మచిలీపట్నంలో ఉండగా వేమన పద్యాల జాడ పట్టుకొన్నాడు. పండితులు చిన్నచూపు చూచిన ఆ పద్యాల ప్రతులు వెతికించి, పోల్చి చూచి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించినాడు. కడపలో బంగళా కొని, పండితులను కూర్చి, తన జీతంనుండి వారికి జీతాలిచ్చి తాళపత్రాలకు శుద్ధప్రతులు వ్రాయించినాడు. జూలూరి అప్పయ్యవంటి పండితులు ఆ బంగళాలో చేసిన పని లేకుంటే ఎన్ని కావ్యాలు చెదల పాలయ్యేవో చెప్పలేము. కచేరీ వేళ తీరిన తరువాత మొదలయ్యే ఈ రెండవ కచేరీకి సర్కారు చూపిన మెప్పు ఏపాటిదో తెలియదు గాని, 1834లో మాత్రం ఆయన కొలువు పోయినది. ముప్పయ్యైదేండ్లు. నడివయసు గుమ్మంలో ఉద్యోగం పోయినవాని స్థితి ఎటువంటిదో తెలుసుకొనడానికి ఆంగ్లేయుడై ఉండనక్కరలేదు.

లండను చేరిన తరువాత ఆ ఉద్యోగం పోయినవాడు చేసిన పని ఏమి? ఇండియా హౌసు గ్రంథాలయంలో మూలపడి ఉన్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెలికితీసి వాటికి పట్టిక వేయడం! అవి తరువాత మద్రాసుకు తిరిగివచ్చినవి. ఆయనా 1838లో తిరిగివచ్చి వేరొక కొలువులో కుదిరినాడు. 1840లో వ్యాకరణం, 1852 నుండి 1854 లోపల నిఘంటువులు వెలువడినవి. కంపెనీవారి కచేరీలో బ్రౌను వ్రాసిన తీర్పులు నేడు ఎవరికి కావలె? నిఘంటువు ఇప్పటికీ బల్లమీద ఉన్నది. కాని నిఘంటువును చూచి తీర్పులను నవ్వడం కూడ తొందరపాటే. పండితులకు జీతమిచ్చినది ఆ తీర్పుల జీతమే. కచేరీ అన్నం పెట్టినది, బంగళా పేరు తెచ్చినది.

బ్రౌను తన తీరికను తన జీతంతో తానే కొనుక్కొన్నాడు. యజమానే తీరికను కల్పించి ఇచ్చిన సందర్భం తెలుగుదేశంలో ఒకటి ఉన్నది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు ఎం.ఏ. పట్టం పొంది మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసినారు. జమీందారు నాయని వెంకట రంగారావుగారు దివాను చేత లెక్కలు మాత్రమే చూపించుకొని ఊరుకొన్నవారు కారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసినప్పుడూ, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినప్పుడూ దివానుతోపాటు జమీందారు కూడ వెన్నుదన్నుగా నిలిచినారు. చరిత్ర, జీవశాస్త్రం, అర్థశాస్త్రం ఇంగ్లీషు రాని తెలుగువాని చేతికి వచ్చినవి. కొలువు ఇచ్చిన చేయే తీరికను కూడ ఇచ్చినదన్నమాట. ఇటువంటి చేతులు మన చరిత్రలో అరుదు. అయినా కాలం ఇవ్వలేదు. తెలుగులో విజ్ఞానసర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చి, అక్షరమాల మొదటి మెట్లమీద ఉండగానే, 1923లో నలభైయారేండ్లకు ఆయన కన్నుమూసినారు.

ఆయన ఇంటిలోనే, ఆయనకంటె మూడేండ్లు పెద్దదైన అక్కగారు ఉన్నారు. భండారు అచ్చమాంబ. ఆమె సంగతి చెప్పకుండ తీరికను గురించి వ్రాయడం న్యాయం కాదు. ఆరేండ్లకు తండ్రి పోయినాడు, పదేండ్లకు పెండ్లి అయినది, బడి మొగం చూడలేదు. తమ్ముడు ఆమె ఇంట ఉండి చదువుకొంటున్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకొన్నది ఆమె చదువు. తెలుగు, హిందీలతో ఆగక ఇతర భాషలకూ పోయినారు. బిడ్డలు పుట్టి పోయిన దుఃఖం ఉన్నది. ఆ నడుమనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసినారు, కథలు వ్రాసినారు, 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కూడి బృందావన స్త్రీసమాజాన్ని స్థాపించినారు. 1905లో ముప్పయ్యేండ్లకే పోయినారు. అంటురోగుల సేవలో ఆ వ్యాధి తనకు సోకినదంటారు. గిడుగువారికి గంట మ్రోగేది, బ్రౌనుకు కచేరీ మూసేవారు, లక్ష్మణరావుగారికి జమీందారు ఉన్నాడు. అచ్చమాంబకు పని తీరినదని చెప్పే గంట ఏది? వంటింటికి గంట లేదు. పని తీరితే తీరిక అన్న మన వ్యుత్పత్తి ఈ ఇంటి గుమ్మందగ్గర ఓడిపోతుంది. ఆమె పని తీరకుండానే తీరిక చేసికొన్నారు. అది ఏ వ్యాకరణానికీ లొంగని ప్రయోగం.

ఇప్పటి సంగతికి వద్దాము. బడిగంట ఇప్పుడూ మ్రోగుతుంది. కాని గంట తరువాత పని తీరుతున్నదా అన్నది సందేహం. అరచేతిలోని ఫోనులోనికి ఆదేశం రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. పట్టికలు పంపమంటుంది, ఫొటోలు పంపమంటుంది. పట్నంలో ప్రైవేటు కంపెనీలో పనిచేసే కొడుకూ, పల్లెలో బడిలో పనిచేసే తండ్రీ ఈ ఒక్క విషయంలో సమానులైనారు. మరొక ప్రక్క, మిగిలిన గంటను కూడ ఆ ఫోనే మెల్లగా తినివేస్తుంది. ఆ తప్పు పైవారిమీద వేయడానికి వీలు లేదు. ఇరవై యేండ్లవానికి పోటీపరీక్ష, ముప్పయ్యేండ్లవానికి వాయిదాలు, నలభై యేండ్లవానికి పిల్లల ఫీజులు. వీరిని పట్టుకొని శాసనలిపి ఎందుకు నేర్చుకోరని అడగడం క్రూరం. కాని అడగకుండ ఉండడం కూడ ఒకవిధమైన క్రూరమే. నీకు ఇంతకంటె మరేమీ అక్కరలేదని తీర్మానించడం అది.

ఆదివారం కూడ ఆకాశంనుండి ఊడిపడలేదని మరువరాదు. బొంబాయి నూలుమిల్లుల కూలీలకు వారానికొక సెలవుదినం కావలెనని నారాయణ మేఘాజీ లోఖండే అర్జీలు పెట్టి, సభలు జరిపి అడుగగా అడుగగా 1890లో మిల్లుదారులు ఒప్పుకొన్నారు. ఆ యేట పర్లాకిమిడి పంతులుకు ఇరవై యేడేండ్లు. ఒకచోట కూలీలు తీరికను పోరాడి తెచ్చుకొన్నారు, ఇంకొకచోట ఒక పంతులు ఉన్న తీరికను ఏమి చేయవలెనో తేల్చుకొన్నాడు. మొదటిది జరగకుండ రెండవది కొందరికే సాధ్యం. మొదటిది జరిగి రెండవది జరగకుంటే ఆదివారం సోమవారంనాటి అలసటకు ముందుమాటగా మిగులుతుంది.

ఏ సాయంకాలపు పని ఎక్కడ తేలుతుందో చేసేవానికి తెలియదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, డెబ్బై రెండేండ్ల గిడుగువారు దానికి నిరసనగా తాము యాభైయారేండ్లు బ్రతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరినారు. ఆ సంవత్సరమే సవర కొండలలో మంగై గొమాంగో అనే సవర తన భాషకు ప్రత్యేకంగా ఒక లిపి కూర్చినాడు. సొరా సొంపెంగ్ అన్నది దాని పేరు. ఒకరి భాషకు వ్యాకరణం వ్రాసినవాడు కొండ దిగి వెళ్లిపోయిన యేడే ఆ భాషవాడు తన అక్షరం తాను దిద్దుకొన్నాడు. సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చు ముగించుకొని వెలువడినది 1938లో. రాజావారి పాఠశాలలో గిడుగువారి జీతం ఆగి అప్పటికి ఇరవై యేడేండ్లు అయినది.